మలక్‌పేట ఎండలో ఎనిమిది గుర్రాలు

మే నెలలో మధ్యాహ్నం ఒంటిగంటకు చాదర్‌ఘాట్ వంతెన దాటి మలక్‌పేట వైపు బండి పోనిచ్చారా ఎప్పుడైనా? అక్కడ వేడి పైనుంచి ఒక్కటే రాదు. నెత్తిన సూర్యుడు, కింద కాలే తారు, ముందు ఆర్టీసీ బస్సు వదిలే సెగ, పక్కన ఆటో సైలెన్సర్. ఇవన్నీ చాలవన్నట్టు మోకాళ్ల మధ్య మనమే పెట్టుకున్న కుంపటి ఒకటి, అదే ఇంజిన్. ఎండలో కుంపటి ముందేసుకుని కూర్చోమంటే ఎవరైనా కూర్చుంటారా? హైదరాబాదులో లక్షల మందిమి రోజూ కూర్చుంటున్నాం, పైగా పెట్రోలు పోయించుకుని మరీ.

కోఠి నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా అయిదారు కిలోమీటర్ల దారి ఇది. తెల్లారగట్ల అయితే పావుగంట. మధ్యాహ్నం మాత్రం కిలోమీటర్లతో కాదు, సిగ్నళ్లతో కొలుచుకోవాలి. మలక్‌పేట రైలు వంతెన కింద ఇరుకు, ఆ తర్వాత నల్గొండ చౌరస్తా, గంజ్ దగ్గర ఉల్లిగడ్డ లారీలు, మూసారాంబాగ్, ఆపైన దిల్‌సుఖ్‌నగర్ రద్దీ. పన్నెండేళ్లుగా ఈ దారిలో బండి నడుపుతున్నాను. వానాకాలంలో ఇదే వంతెన కింద నీళ్లు నిలిస్తే పేపర్లలో ఫొటోలు పడతాయి. ఎండాకాలం కష్టానికి ఫొటో రాదు, వేడి కనపడదు కదా. కనపడదు కాబట్టే దాన్ని తేలిగ్గా తీసుకుంటాం.

గుర్రాలకు సెలవు

మలక్‌పేట పేరు చెప్పగానే పాతవాళ్లకు గుర్తొచ్చేది రేస్‌కోర్సు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో, 1886లో, మౌలాలిలో జరిగే గుర్రప్పందేలు ఇక్కడికి మారాయి. దగ్గర్లోని మహబూబ్ మాన్షన్‌కు, గంజ్‌కు కూడా ఆయన పేరే. ఇప్పటికీ ఇక్కడ పందేలకు వానాకాలం సీజన్ ఒకటి, చలికాలం సీజన్ ఒకటి. నడి వేసవిలో పందేలు ఉండవు. గుర్రం కూడా మనలాగే ఒంటినిండా చెమట పట్టే జంతువు. ఎండలో పరుగెత్తిస్తే ఏమవుతుందో దాన్ని పెంచేవాళ్లకు బాగా తెలుసు.

రేస్‌కోర్సు అవతల రోడ్డు మీదా గుర్రాలే. మామూలు వంద సీసీ బండి శక్తి సుమారు ఎనిమిది హార్స్‌పవర్. అంటే లెక్క ప్రకారం ఎనిమిది గుర్రాలు. వీటికి వేసవి సెలవుల్లేవు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, ఆ రోజుల్లో కూడా ఆఫీసు వేళకు బయటికి రావాల్సిందే. హైదరాబాదులో వాతావరణ శాఖ లెక్కల్లో అన్నిటికన్నా ఎక్కువ వేడి నమోదైంది 1966 జూన్ 2న, 45.5 డిగ్రీలు. అదీ రోహిణి కార్తెలోనే.

ఒకే గాలి, రెండు లెక్కలు

బండి వేడెక్కడం రోగం కాదు, దాని స్వభావం. సిలిండర్ లోపల పెట్రోలు మండినప్పుడు ఆ క్షణానికి వేడి రెండు వేల డిగ్రీలు దాటుతుంది. మనం పోయించిన పెట్రోలులోని శక్తిలో చక్రం దాకా చేరేది మూడో వంతుకన్నా తక్కువే. మిగతాదంతా వేడి. అందులో కొంత సైలెన్సర్‌లోంచి పోతుంది, కొంత ఇంజిన్ ఒంటికి పడుతుంది. ఇంజిన్ చుట్టూ దువ్వెన పళ్లలా కనిపించే రెక్కలు ఉంటాయి చూడండి, ఫిన్స్ అంటారు. వాటి మధ్య నుంచి గాలి పోతేనే ఆ వేడి బయటికి వెళ్తుంది. చాలా బండ్లకు ఇదే ఏర్పాటు. రేడియేటర్, ఫ్యాన్ ఉండేవి ఖరీదైన కొన్ని బండ్లకే. ఆ ఫ్యాన్ తిరగడం మొదలైతే వేడిగాలి తిన్నగా నడిపేవాడి కాళ్ల మీదికే వస్తుంది, అది వేరే కథ.

ఇక్కడే ఒక తమాషా ఉంది. బయట 42 డిగ్రీలుందనుకోండి. ఇంజిన్ పైభాగం 150 డిగ్రీల చుట్టుపక్కల కాలుతూ ఉంటుంది. దానికి 42 డిగ్రీల గాలి చల్లగాలే. బండి కదిలినంతసేపూ దానికి హాయి. మరి మనకు? మన చర్మం 35 డిగ్రీల దగ్గర ఉంటుంది. 42 డిగ్రీల గాలి మనకు పొయ్యి మీంచి వచ్చే సెగ. స్పీడు పెంచితే చల్లబడతామనుకుంటాం, నిజానికి ఒంటికి ఇంకా వేడి ఎక్కుతుంది. గాలి 40 డిగ్రీలు దాటితే ఇంట్లో ఫ్యాను కూడా ఒళ్లు చల్లబరచదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బండి మీద గాలి అంతకన్నా పెద్ద ఫ్యానే కదా.

అప్పుడు మనల్ని కాపాడేది చెమట ఒక్కటే. మన దక్కన్ ఎండ పొడి ఎండ. కోస్తాలోలాగా చెమట కారి చొక్కా తడవదు. పట్టిన చెమట పట్టినట్టే ఆవిరైపోతుంది. అందుకే బండి దిగి, 'అబ్బే, నాకసలు చెమటే పట్టలేదు' అంటాం. పట్టింది, గాలి తీసుకుపోయింది. ఒంట్లో నీళ్లు తగ్గిన సంగతి తల తిరిగినప్పుడు గానీ తెలియదు.

అంటే ఎండలో బండికీ మనకూ కావాల్సినవి వేరు. బండికి కదలిక కావాలి, మనిషికి నీడలో కాసేపు ఆగడం కావాలి. మలక్‌పేట ట్రాఫిక్‌లో రెండూ దొరకవు. బండి ఆగుతుంది, అదీ ఎండలో ఆగుతుంది. ఇంజిన్‌కు గాలి లేదు, మనిషికి నీడ లేదు.

నీడ ఎటు పడుతుంది?

ఈ దారిలో కొంత మేలు చేసింది మెట్రో. అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా రైలు మొదలైంది 2018 సెప్టెంబర్ 24న. రైలెక్కినా ఎక్కకపోయినా, దాని కింద నీడ మాత్రం అందరికీ దక్కింది. మలక్‌పేట నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా రోడ్డు ఇంచుమించు తూర్పు ముఖంగా పోతుంది. మే నెలలో సూర్యుడు దాదాపు మన నడినెత్తి మీదుగా తూర్పు నుంచి పడమరకు వెళ్తాడు. మే 9 ప్రాంతంలో, మళ్లీ ఆగస్టు 3 ప్రాంతంలో, మధ్యాహ్నం పన్నెండు దాటిన కాసేపటికి హైదరాబాదులో నిటారుగా నిలబెట్టిన కర్రకు నీడే పడదు. అందువల్ల ఈ రోడ్డు మీద మెట్రో నీడ వేసవంతా పెద్దగా పక్కకు జరగదు. డివైడర్‌ను ఆనుకున్న వరుసలోనే ఉంటుంది. అదే డిసెంబరులో అయితే సూర్యుడు దక్షిణానికి వాలతాడు, నీడ ఉత్తరం వైపు రోడ్డు మీదికి పోతుంది. అప్పుడు మనకు దానితో పనే లేదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఇల్లుండి కోఠిలో పనిచేసేవాళ్లు అదృష్టవంతులు. పొద్దున పోయేటప్పుడు, సాయంత్రం వచ్చేటప్పుడు కూడా సూర్యుడు వీపు మీదే. కోఠి వైపు ఇల్లుండి దిల్‌సుఖ్‌నగర్ వచ్చేవాళ్లకు రెండుసార్లూ మొహం మీదే. ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడు తూర్పు ముఖమా, పడమర ముఖమా అని వాస్తు చూస్తాం గానీ ఆఫీసు ఏ దిక్కున ఉందో చూడం.

ఉస్తాద్ మాట

మా బండి చూసే మెకానిక్ మలిగీ గంజ్ వెనక గల్లీలో ఉంది. అందరూ ఆయన్ని ఉస్తాద్ అనే పిలుస్తారు. ఆ మలిగీ ముందు నిలబెట్టిన బండ్ల నంబరు ప్లేట్లు చూస్తే చరిత్ర అర్థమవుతుంది. మలక్‌పేట ఆర్టీఏ ఆఫీసు నంబరు 11. ఏపీ 11 అంటే రాష్ట్ర విభజనకు ముందు బండి. టీఎస్ 11 అంటే 2014 తర్వాతది. టీజీ 11 అంటే 2024 తర్వాతది. ఒక్కో తరానికి ఒక్కో రకం వేడి అంటాడు ఉస్తాద్.

"పాత బండి కార్బరేటర్‌ది. ఓనర్ వచ్చి మైలేజ్ రావాలె భాయ్ అంటడు. మెకానిక్ స్క్రూ తిప్పి పెట్రోల్ తగ్గిస్తడు. మైలేజ్ వస్తది, దాంతోని ఇంజిన్ కూడ కాలుతది" అన్నాడొకసారి, ప్లగ్ ఊడదీసి నాకు చూపిస్తూ. ప్లగ్ కొస తెల్లగా ఉంటే పెట్రోలు తక్కువై ఇంజిన్ ఎక్కువ కాలుతున్నట్టు, నల్లగా మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువైనట్టు, ఇటుక రంగులో ఉంటే బాగున్నట్టు. వంద రూపాయల ప్లగ్ ఇంజిన్ జాతకం చెబుతుంది.

2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్ 6 బండ్లలో స్క్రూ తిప్పే పని లేదు, పెట్రోలు కొలత అంతా కంప్యూటర్ చూసుకుంటుంది. కానీ పొగను శుభ్రం చేసే కన్వర్టర్ వేడెక్కితే తప్ప పనిచేయదు. కొన్ని బండ్లలో అది సరిగ్గా కాలి దగ్గరే ఉంటుంది. 'కొత్త బండి, ఇంత వేడేమిటి?' అని కంగారుపడి వచ్చేవాళ్లలో సగం మందికి ఏ రిపేరూ లేకుండా పంపించేస్తాడు ఉస్తాద్. పాత ఇనప ఇంజిన్ బుల్లెట్లు తెచ్చేవాళ్లకు మాత్రం ఒకటే మాట: "అది నెమ్మదిగా వేడైతది, నెమ్మదిగా చల్లగైతది. మీరు కూడ నెమ్మదిగా పోండి."

వేసవికి ఆయన చెప్పే జాగ్రత్తల్లో మొదటిది ఇంజిన్ ఆయిల్. వంద సీసీ బండిలో అది లీటరు కూడా పట్టదు. గాలి లేని చోట ఇంజిన్ వేడిని మోసేది ఆ కాస్త ఆయిలే. పాతబడి పల్చనైతే, లెవెల్ తగ్గితే పిస్టన్ బోరుకు రాసుకుంటుంది. ముదిరితే జామ్ అవుతుంది, అప్పుడు బోరు చేయించక తప్పదు, ఆయిల్ డబ్బాకు పది పదిహేను రెట్లు ఖర్చు. ఏ గ్రేడు పోయాలన్నది కంపెనీ పుస్తకంలో రాసి ఉంటుంది. ఎండలు కదా అని సొంతంగా చిక్కటి ఆయిల్ పోయక్కర్లేదు. మార్చాల్సిన కిలోమీటర్లకు కొంచెం ముందే మారిస్తే చాలు.

రెండోది, ఇంజిన్ రెక్కల సందుల్లో పేరుకున్న మట్టి, జిడ్డు తీసేయడం. బండి చల్లగా ఉన్నప్పుడు బ్రష్‌తో రుద్దితే వచ్చేస్తుంది. ముందు గార్డుకు సంచులు, ఫ్లెక్సీ ముక్కలు కట్టి గాలికి అడ్డం పెట్టకూడదు. మూడోది సగం క్లచ్. వంతెన కింద ఇరుకులో అందరం క్లచ్ సగం నొక్కి, యాక్సిలరేటర్ ఇస్తూ పాకుతాం. క్లచ్ ప్లేట్లు రాసుకుని ఆ వేడంతా మళ్లీ ఆయిల్‌కే చేరుతుంది. ముందు బండి రెండు గజాలు కదిలేదాకా ఆగి, క్లచ్ పూర్తిగా వదిలి పోవడం మేలు. సిగ్నల్ అంకె ముప్పై దాటి ఉంటే ఇంజిన్ ఆపేయాలి. గాలి తగలకుండా నిలబడి తిరిగే ఇంజిన్‌కే అన్నిటికన్నా కష్టం.

బండి కూడా ముందే చెబుతుంది, వినాలంతే. పికప్ తగ్గుతుంది. న్యూట్రల్ పడక మొరాయిస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు లోపల టక్ టక్ మంటుంది. కాలిన ఆయిల్ వాసన వస్తుంది. వీటిలో ఏది కనిపించినా నీడలో పదిహేను నిమిషాలు ఆపితే చాలు. అప్పుడు స్టార్ట్ కాకపోతే చోక్ లాగకండి, వేడి ఇంజిన్‌కు చోక్ అక్కర్లేదు. చల్లబరుద్దామని నీళ్లు అసలు పోయకండి, కాలుతున్న లోహం మీద చల్లటి నీళ్లు పడితే పగుళ్లు రావచ్చు.

పిల్లర్ నీడలో

ఇంత వివరంగా బండి గురించి చెప్పే మనం మనిషి దగ్గరికొచ్చేసరికి ఏం చేస్తాం?

కిందటేడు మే మధ్యాహ్నం, న్యూమార్కెట్ మెట్రో స్టేషన్ కింద నీడలో బండి ఆపి మజ్జిగ తాగుతున్నాను. పిల్లర్‌ను ఆనుకుని ఒక డెలివరీ కుర్రాడు కూర్చున్నాడు, ఇరవై రెండేళ్లుంటాయి. వీపుకు పెద్ద సంచీ ఇంకా తగిలించుకునే ఉన్నాడు. మొహం ఎర్రగా కందిపోయి ఉంది. "ఏం తమ్ముడూ, ఒంట్లో బాగాలేదా?" అంటే చెప్పే మాట ముద్దగా వచ్చింది. "ఆర్డర్ లేటైతది అన్నా" అని లేవబోయి మళ్లీ కూలబడ్డాడు. చెయ్యి పట్టుకుంటే పెనంలా ఉంది. ఒంటి మీద చెమట చుక్క లేదు.

మజ్జిగ బండి అక్క ముందు కదిలింది. ఐసు పెట్టె మూత తీసి, గోనెపట్టా తడిపి తెచ్చింది. హెల్మెట్, సంచీ, బూట్లు తీసేసి పడుకోబెట్టాం. మెడ దగ్గర, చంకల్లో ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి పెట్టాం. ఒంటి మీద నీళ్లు చల్లి అట్టముక్కలతో విసిరాం. ఎవరో నీళ్లు తాగించబోతే అక్క ఆపింది: "తెలివి సక్కగ లేనోనికి నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తులల్లకు పోతయి." ఆమె మాట నూటికి నూరుపాళ్లు నిజం. 108 వచ్చేలోపు కుర్రాడు కొంచెం తేరుకున్నాడు. కళ్లు తెరిచి మొదట అడిగింది, "బండి ఆఫ్ చేసిన్రా అన్నా? ఇంజిన్ గరమైతది."

వడదెబ్బ అంటే అదే. ఒంటి లోపలి వేడి 40 డిగ్రీలు దాటి, మెదడు మీద పనిచేయడం మొదలుపెడుతుంది. మాట తడబడటం, పొంతన లేకుండా మాట్లాడటం, నడక తూలడం కనిపిస్తే అది నీరసం కాదు, ప్రాణం మీదికి వచ్చినట్టు. ఆసుపత్రికి చేరేదాకా ఒళ్లు చల్లబరుస్తూనే ఉండాలి. వడదెబ్బ ఎంత తీవ్రమైందంటే, 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం దాన్ని రాష్ట్ర ప్రత్యేక విపత్తుగా గుర్తించి, చనిపోయినవారి కుటుంబానికి 4 లక్షల రూపాయల పరిహారం ప్రకటించింది. వరద, తుపానుల వరసలోకి ఎండ కూడా చేరింది.

ఆ కుర్రాడికి బండి వేడి లెక్క తెలుసు, తన ఒంటి వేడి లెక్క తెలియదు. తెలిసినా ఆగే వీలు లేదు. నాబోటి వాళ్లు పని వేళలు కాస్త అటూ ఇటూ జరుపుకోగలరు. గంజ్‌లో బస్తాలు మోసే హమాలీకి, ట్రాలీ ఆటో నడిపేవాడికి, సంచీ తగిలించుకుని తిరిగే పిల్లలకు ఆ వెసులుబాటు ఎక్కడిది?

వాట్సాప్ భయాలు, కాలి మచ్చలు

ఏటా మార్చి రాగానే ఒక మెసేజ్ తిరుగుతుంది, ఎండలకు ట్యాంకు నిండా పెట్రోలు పోయిస్తే పేలిపోతుందని. ఇండియన్ ఆయిల్ కంపెనీయే దాన్ని చాలాసార్లు ఖండించింది. తయారీదారు చెప్పిన మేర నింపుకోవచ్చు. మూతి దాకా పొర్లేట్టు పోయించకుండా ఉంటే చాలు, ఎందుకంటే వేడికి పెట్రోలు కొంచెం వ్యాకోచిస్తుంది. టైర్లలో గాలి పొద్దున్నే, బండి నడపకముందు చూసుకోవాలి. ఎండలో తిరిగొచ్చాక గాలి ఎక్కువైనట్టు కనిపిస్తుంది, అది చూసి తీయించేస్తే చల్లారాక తక్కువవుతుంది.

ఇక సైలెన్సర్ మచ్చ. ఈ ఊళ్లో పిక్క మీద ఆ గోధుమరంగు మచ్చ లేని ఇల్లుండదేమో. చాలా బండ్లకు సైలెన్సర్ కుడివైపే కాబట్టి పిల్లల్ని, పెద్దవాళ్లని ఎడమవైపు దించడం అలవాటు చేయాలి. కాలితే టూత్‌పేస్ట్, ఇంకు, పసుపు పూయకండి. కుళాయి కింద ఇరవై నిమిషాలు చల్లటి నీళ్ల ధార పడనివ్వాలి. ఐసు నేరుగా పెట్టకూడదు. నిక్కరు వేసుకుని బండెక్కకపోతే ఈ బాధే రాదు.

అసలు ఎండలో బండి మీద తక్కువ బట్టలు హాయి అనుకోవడమే పొరపాటు. 42 డిగ్రీల గాలి నేరుగా చర్మానికి తగలకూడదు. వదులుగా ఉండే పొడుగు చేతుల నూలు చొక్కా, మెడకు తడిపిన నూలు కండువా, హెల్మెట్ కింద పల్చటి నూలు టోపీ. మన పొడి ఎండలో తడి కండువా కూలర్‌లా పనిచేస్తుంది. కాకపోతే పావుగంటకోసారి తడపాలి. కొసలు చక్రంలోకి వేలాడకుండా దోపుకోవాలి.

ఆగే చోట్లు

మలక్‌పేటలో ఆగడానికి చోట్లు లేకపోలేదు. ఎండాకాలం వస్తే చౌరస్తాల దగ్గర చలివేంద్రాలు వెలుస్తాయి, ఎర్రగుడ్డ చుట్టిన కుండలతో. జొన్న అంబలి, రాగి జావ, ముంజలు, చెరుకు రసం అన్నీ రోడ్డు పక్కనే. దాహం వేసినప్పుడు తాగుదాం అనుకుంటే ఆలస్యమైనట్టే. బయల్దేరే ముందు ఒక గ్లాసు, ప్రతి అరగంటకూ కొంచెం.

సాయంత్రం ఎండ తగ్గాక మూసారాంబాగ్ వైపు మళ్లి, ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఉన్న రేమండ్ సమాధి దాకా వెళ్లొచ్చు. నిజాం కొలువులో పనిచేసిన ఫ్రెంచి సేనాని ఆయన. 1798 మార్చి 25న చనిపోయాడు. జనం మూసా రాం అని పిలుచుకున్నారు, మూసారాంబాగ్ ఆ పేరే. గుట్ట మీద సుమారు ఏడు మీటర్ల నల్లరాతి స్తంభం, చుట్టూ గాలి. పగలంతా కాలిన రాయి రాత్రి దాకా వేడి వదులుతూనే ఉంటుంది. పక్కన ఆపిన బండి కూడా టిక్ టిక్ మంటూ చల్లారుతుంది. వ్యాకోచించిన లోహం మళ్లీ ముడుచుకునే చప్పుడది.

ఈ వేసవికి నేను అడిగేవి రెండే. సిగ్నల్ గీతకు ఇరవై అడుగుల వెనక, మెట్రో నీడలోనో చెట్టు నీడలోనో ఎవరైనా బండి ఆపి ఉంటే వెనక నుంచి హారన్ కొట్టకండి. ముందు ఖాళీ ఉంది కదా అని ఎండలోకి తోయకండి. రెండోది, మధ్యాహ్నం పూట ఇంటికి పార్సిల్ తెచ్చినవాణ్ని తలుపు దగ్గరే ఒక్క నిమిషం ఆపి, గ్లాసుడు మంచినీళ్లివ్వండి. ఆ నిమిషంలో కింద వాళ్ల బండి కూడా చల్లబడుతుంది.